కుట్టును నమ్ముకున్నవాడు

2013 మే 31, శుక్రవారం మధ్యాహ్నం. ఇటలీలో టస్కనీ కొండల నడుమ ముజెల్లో రేస్ ట్రాక్. ప్రాక్టీసు నడుస్తోంది. ఇరవయ్యేళ్ల స్పెయిన్ కుర్రాడు మార్క్ మార్కెజ్ మోటార్ సైకిల్ రేసుల్లో పైమెట్టైన మోటోజీపీకి వచ్చి నాలుగు రేసులే అయ్యాయి. ఇది ఐదోది.

కిలోమీటరు పైచిలుకు సాగే తిన్నని దారి అది. దాని చివర సాన్ డొనాటో మలుపు. మార్కెజ్ బండి గంటకు దాదాపు 338 కిలోమీటర్ల వేగం అందుకుంది. అంటే మనం ఒకసారి రెప్ప వేసి తెరిచేలోపు ముప్ఫై మీటర్లు దాటిపోతుంది. బ్రేకు పట్టాల్సిన చోట బండి అదుపు తప్పింది. ఎడమ పక్కనున్న గోడ కేసి మళ్లింది. ఇక లాభం లేదని తెలిసిపోయింది. మార్కెజ్ బండిని వదిలేశాడు.

తర్వాత జరిగింది టీవీలో చూసినవాళ్లకు ఊపిరి ఆగింది. మనిషి నేలను తాకాడు, జారాడు, దొర్లాడు. చివరికి ఆగాడు. కాసేపటికి లేచాడు.

గడ్డం చిట్లింది, భుజం దెబ్బతింది. ఆదివారం మాత్రం రేసుకు దిగాడు. రెండో స్థానంలో ఉండగా, ఇంకా మూడు ల్యాపులున్నాయనగా మళ్లీ పడ్డాడు. అయినా ఆ ఏడాది ప్రపంచ టైటిల్ అతనిదే. పెద్ద బళ్ల తరగతిలో అంత చిన్న వయసులో ఛాంపియన్ అయినవాడు అంతకుముందు లేడు.

ఆ శుక్రవారం మార్కెజ్ ఒంటికీ ఇటలీ నేలకూ మధ్య ఉన్నది మిల్లీమీటరు పైచిలుకు మందం తోలు. లోపల కొన్ని మెత్తలు, భుజాల దగ్గర ఒక గాలి సంచి. వీటన్నిటినీ కలిపి పట్టుకున్నది దారం. ఆ సూటు మీద ఉన్న పేరు ఆల్పైన్‌స్టార్స్. అంతకు సరిగ్గా యాభై ఏళ్ల ముందు కొండలెక్కేవాళ్ల కోసం బూట్లు కుట్టడంతో మొదలైన కంపెనీ అది. మడమ దగ్గర మొదలైన పని మెడ దాకా ఎలా ఎక్కిందో చెప్పే కథ ఇది.

కొండ కింద ఊరు

ఉత్తర ఇటలీలో వెనెటో ప్రాంతం. ఆల్ప్స్ పర్వతాలు మైదానంలోకి దిగే చోట ఒక గుట్ట మీద ఆజొలో అనే చిన్న ఊరు ఉంటుంది. సైప్రస్ రాణిగా ఉన్న కతెరీనా కొర్నారోకు, రాజ్యం వెనిస్ చేతికి పోయాక, 1489లో దక్కినది ఈ ఊరే. ఆంగ్ల కవి రాబర్ట్ బ్రౌనింగ్ తన చివరి కవితా సంపుటికి ఈ ఊరి పేరు కలిపి పెట్టుకున్నాడు. సాహిత్యం తెలిసినవాళ్లకు ఆజొలో అంటే ఇవే గుర్తొస్తాయి.

కొండలెక్కేవాళ్లకు మాత్రం ఆజొలో అంటే బూట్లు. పక్కనే మోంతెబెల్లూనా పట్టణం. మనకు పోచంపల్లి అంటే చీర, కొండపల్లి అంటే బొమ్మ ఎలా గుర్తొస్తాయో, అక్కడివాళ్లకు మోంతెబెల్లూనా అంటే కొండ బూటు అలా గుర్తొస్తుంది. బూట్ల కోసం ప్రత్యేకంగా ఒక మ్యూజియమే ఉంది అక్కడ. 1938లో ఆజొలోలోనే పుట్టిన ఒక కంపెనీ పేరు స్కార్పా. ఇటాలియన్‌లో ఆ మాటకు అర్థం కూడా బూటే. 1954లో ఇటలీ జట్టు మొట్టమొదటిసారి కే2 శిఖరం ఎక్కినప్పుడు వాళ్ల కాళ్లకున్నవి మోంతెబెల్లూనాలో పుట్టిన డొలొమితే కంపెనీ బూట్లు.

ఆల్ప్స్‌లో బూటు సరిగా లేకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. 1935లో పుంటా రాసికా శిఖరం దగ్గర వాతావరణం చెడి, తగిన బూట్లు లేక ఆరుగురు పర్వతారోహకులు చనిపోయారు. వాళ్ల స్నేహితుడు విటాలే బ్రమానీ. మంచు మీదా రాతి మీదా ఒకేలా పట్టు దొరికే రబ్బరు అడుగు ఒకటి ఉంటే బాగుండునన్న ఆలోచన అతణ్ని వదల్లేదు. రెండేళ్లకు దాన్ని తయారుచేసి పేటెంటు తీసుకున్నాడు. విబ్రామ్ పేరుతో నేటికీ కొండ బూట్ల కింద కనిపించే పసుపుపచ్చ ముద్ర అతనిదే.

1963లో ఆజొలోలో సాంతే మాట్సరోలో అనే తోలు పనివాడు సొంతంగా పని మొదలుపెట్టాడు. కొండ నడకకు, స్కీయింగుకు బూట్లు. ఆల్ప్స్ రాళ్ల సందుల్లో తెల్లగా పూసే ఎడెల్‌వైస్ పువ్వును ఇటాలియన్‌లో ‘స్తెల్లా ఆల్పీనా’ అంటారు. అంటే ఆల్ప్స్ నక్షత్రం. ఆ పేరునే ఇంగ్లిష్‌లోకి తిప్పి కంపెనీకి పెట్టాడు.

ఆనాటి పని గదిని ఊహించుకోవడం కష్టం కాదు. బూటు కుట్టే గది ఏ దేశంలోనైనా ఒకలాగే ఉంటుంది. జిగురు వాసన, తోలు వాసన. గోడకు వరసగా కొయ్య అచ్చులు, ఎడమ పాదానికొకటి, కుడి పాదానికొకటి. బల్ల మీద మన ఊళ్లలో చెప్పులు కుట్టేవారి దగ్గరుండే పనిముట్లే: కన్నం పొడిచే ఆరె, అంచు పలచన చేసే రంపి, మైనం పట్టించిన దారం. తడిపిన తోలును కొయ్య అచ్చు మీద వేసి, పటకారుతో లాగి, మేకులతో బిగించి ఆరబెడతారు. ఆరాక తోలు అచ్చు రూపాన్ని గుర్తుపెట్టుకుంటుంది.

తోలు కోసేవాడికి అనుభవం ఉంటేనే ఇదంతా సాధ్యం. పశువు వెన్ను మీది తోలు బిగువుగా ఉంటుంది, సాగదు. పొట్ట వైపు తోలు వదులుగా ఉంటుంది, సాగుతుంది. కాలి ముందు భాగానికి వెన్ను తోలు పడాలి. ఎవరికీ కనపడని చోటికి పొట్ట తోలు సర్దాలి. చర్మాన్ని బల్ల మీద పరిచి వేళ్లతో తడిమి, ఎక్కడ కత్తి పెట్టాలో ఒక్క చూపులో తేల్చుకునేవాడే పనివాడు.

బురదలో పాఠం

సాంతే కంపెనీ పెట్టే నాటికి యూరప్‌లో మోటోక్రాస్ జోరందుకుంటోంది. పొలాల్లో, గుట్టల మీద, బురదలో మోటార్ సైకిళ్ల పోటీ. ఎగరాలి, దూకాలి, పడాలి, లేవాలి. దానికని పుట్టిన బూటంటూ అప్పటికి పెద్దగా లేదు.

కొండ ఎక్కేవాడికి శత్రువు జారుడు. మోటోక్రాస్ వాడికి శత్రువులు చాలామంది. ముందు బండి చక్రం విసిరే రాయి ముంగాలికి తగులుతుంది. ఇంజిను వేడి పిక్కకు తగులుతుంది. మలుపులో ఆనించిన కాలు బురదలో ఇరుక్కుంటే చీలమండ మెలిపడుతుంది. తన బండే తన కాలి మీద పడుతుంది.

బూటు కుట్టేవాడు దీన్ని ఒక లెక్కగా చూస్తాడు. చీలమండ ముందుకూ వెనక్కూ వంగాలి, లేకపోతే గేరు వేయలేం. పక్కకు మాత్రం వంగకూడదు, వంగితే విరుగుతుంది. ముంగాలి దగ్గర గట్టి పలక ఉండాలి. దాని వెనక పిక్క ఊపిరి తీసుకోవాలి. లేసులు బురదలో బిగుసుకుపోతాయి, కొక్కేలైతే చేతి తొడుగుతోనే ఊడదీయొచ్చు. మోకాలి దాకా వచ్చే మోటోక్రాస్ బూటు సాంతే చేతుల్లో ఇలా ఒక్కో దెబ్బకూ ఒక్కో జవాబు చెప్పుకుంటూ రూపం తెచ్చుకుంది.

బూటు మంచిదని దుకాణంలో ఎంత చెప్పినా ఎవరూ నమ్మరు. గెలిచేవాడి కాలికి ఉండాలి. 1970లలో మోటోక్రాస్‌లో గెలిచేవాడంటే బెల్జియం రైడర్ రోజర్ డి కోస్టర్. 1971 నుంచి 1976 మధ్య 500 సీసీ తరగతిలో ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్. అతను ఆల్పైన్‌స్టార్స్ బూట్లు వేసుకున్నాడు. ఆ రంగంలో సాంతే పేరు నిలబడింది.

అదే కాలంలో ఆ చుట్టుపక్కల తోలు పనివాళ్లకు మరో దెబ్బ తగిలింది. అమెరికాలో బాబ్ లాంగ్ అనే ఆయన ప్లాస్టిక్ స్కీ బూటు తెచ్చాడు. స్కీయింగులో కాలు ఎంత బిగువుగా ఉంటే అంత మంచిది. ఆ బిగువు ఇవ్వడంలో తోలు ప్లాస్టిక్‌తో పోటీపడలేకపోయింది. మోంతెబెల్లూనా కార్ఖానాల్లోకి ప్లాస్టిక్ పోత యంత్రాలు వచ్చాయి. స్కీ బూటు నుంచి ఆరె, రంపి సెలవు తీసుకున్నాయి. తోలు వంగాలి, సాగాలి, చర్మంలా ఉండాలి అనిపించే చోట్లే దానికి పని మిగిలింది. మోటార్ సైకిల్ మీద మనిషి ఒళ్లు అలాంటి చోటు.

తారు రోడ్డు నేర్పింది

1978లో కెన్నీ రాబర్ట్స్ అనే అమెరికన్ రోడ్డు రేసుల్లో 500 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఆ తరగతిలో టైటిల్ గెలిచిన మొదటి అమెరికన్ అతనే. అతని కాళ్లకూ ఆల్పైన్‌స్టార్స్ బూట్లే.

మట్టి దారి నుంచి తారు రోడ్డుకు రాగానే శత్రువు మారిపోయాడు. బురద కొడుతుంది. తారు రోడ్డు అరగదీస్తుంది. మనం కొబ్బరి కోరినట్టు కోరుతుంది. మలుపుల్లో బండిని పక్కకు వాల్చి మోకాలిని నేలకు ఆనించే పద్ధతిని జనంలోకి తెచ్చినవాడు రాబర్ట్సే. మోకాలి దగ్గర తోలు అరిగిపోతుంటే మొదట్లో టేపులు చుట్టుకుని సర్దుకునేవాడు. నేడు ప్రతి రేసు సూటు మోకాలికీ కనిపించే ప్లాస్టిక్ పలక ఆ సర్దుబాటులోంచే వచ్చింది.

ఒక లెక్క చూద్దాం. వంద కిలోమీటర్ల వేగంలో పడ్డ మనిషి పొడి తారు మీద జారి ఆగడానికి సుమారు నాలుగైదు సెకన్లు పడుతుంది. మామూలు జీన్స్ ఆ రాపిడికి ఒక్క సెకను కూడా నిలవదు. తర్వాత మిగిలేది చర్మం. ఆ నాలుగైదు సెకన్లు కొనిపెట్టడమే తోలు జాకెట్ పని. సినిమాల్లో హీరో భుజాన వేలాడే జాకెట్‌కూ దీనికీ రంగులోనే పోలిక.

బూట్లతో పేరు తెచ్చుకున్న ఇల్లు పైకి ఎక్కడం మొదలుపెట్టింది. తర్వాతి తరం, సాంతే కుమారుడు గాబ్రియేలే, పగ్గాలు అందుకున్నాడు. చేతి తొడుగులు, జాకెట్లు, ఒంటిని నిలువునా కప్పే రేసు సూట్లు, అన్నీ ఆల్పైన్‌స్టార్స్ పేరుతో వచ్చాయి.

అచ్చు లేని కుట్టు

బయటివాళ్లకు ఇందులో పెద్ద విశేషం కనిపించదు. బూటూ తోలే, జాకెట్టూ తోలే, కుట్టేసుకుంటే పోలా అనిపిస్తుంది. చెయ్యి పెట్టినవాడికే కష్టం తెలుస్తుంది.

మొదటి చిక్కు అచ్చు. బూటుకు కొయ్య అచ్చు ఉంటుంది. పాదం రూపం పెద్దగా మారదు. భుజానికి అచ్చు ఎక్కడిది? చెయ్యి పైకెత్తితే ఒక రూపం, ముందుకు చాస్తే మరో రూపం. అందుకే రేసు జాకెట్‌ను నిల్చున్న మనిషికి కొలిచి కుట్టరు. బండి మీద వంగి హ్యాండిల్ పట్టుకున్న మనిషికి కుడతారు. వీపు పొడుగు, ఛాతీ పొట్టి, చేతులు ముందుకు వంపు తిరిగి ఉంటాయి. దుకాణంలో అద్దం ముందు వేసుకుంటే గూని వచ్చినట్టు ఉంటుంది, ఎక్కడో తేడా ఉందనిపిస్తుంది. బండి ఎక్కి ముందుకు వంగిన క్షణంలో అన్నీ వాటి చోట్లలో కూర్చుంటాయి.

రెండో చిక్కు మందం. బూటు తోలు రెండు మిల్లీమీటర్లు దాటినా పాదం మోస్తుంది. అదే తోలుతో జాకెట్ కుడితే మనిషి చెయ్యి ఆడదు. రేసు సూటు తోలు సాధారణంగా మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర మధ్య ఉంటుంది. బరువు తగ్గాలనుకుంటే కంగారూ తోలు వాడతారు. పలచగా ఉన్నా ఆవు తోలు కంటే గట్టిది. మోకాళ్ల పైన, భుజాల వెనక, నడుం దగ్గర తోలును అకార్డియన్ మడతల్లా కుట్టి కింద సాగే బట్ట పెడతారు. బూటులో నేర్చిన పాఠమే ఇక్కడా పనికొస్తుంది: కదలాల్సిన చోట కదలాలి, మిగిలిన చోట మొండికేయాలి. బూటు మడమ దగ్గర మడతలు చూసినవాడికి భుజం మడతలు కొత్త కాదు.

మూడో చిక్కు అన్నిటికంటే పెద్దది: కుట్టు.

మంచి తోలు మీద నమ్మకం పెట్టుకోవచ్చు. ప్రమాదాల్లో జాకెట్ విప్పుకుపోయేది చాలాసార్లు తోలు మధ్యలో కాదు, కుట్టు దగ్గర. సూది పొడిచిన ప్రతిచోటా తోలులో ఒక కన్నం పడుతుంది. కుట్లు మరీ దూరంగా వేస్తే పట్టు ఉండదు. మరీ దగ్గరగా వేస్తే తోలు తపాలా బిళ్లల షీటులా తయారై, గీత వెంట తనంతట తానే చిరుగుతుంది. పైకి కనిపించే దారం రోడ్డుకు తగిలిన మొదటి క్షణాల్లోనే అరిగి పోతుంది.

దీనికి తోలు పనివాళ్లు కనిపెట్టిన జవాబు దాచిన కుట్టు. రెండు ముక్కల పై ముఖాలు ఎదురెదురుగా కలిపి మొదటి వరస వేస్తారు. అంచులను రంపితో పలచన చేసి, తిప్పి మడిచి, పై నుంచి మరో వరస వేస్తారు. రోడ్డు పై వరసను తినేసినా లోపలి వరస పట్టు వదలదు. మోచెయ్యి, భుజం, తుంటి లాంటి చోట్ల తోలే రెండు పొరలుగా వేస్తారు. బొటనవేలితో ఆ అంచును తడిమితే ఎత్తు పల్లం తెలియకూడదు. తెలిసిందంటే పలచన సరిగా చేయలేదని అర్థం. బూటులో ఆ గుబ్బ కాలికి పొక్కు తెస్తుంది. జాకెట్‌లో రోడ్డుకు ముందుగా తగిలి ముందుగా అరుగుతుంది.

వీటన్నిటికీ యూరప్‌లో ఒక పరీక్ష ఉండేది. కేంబ్రిడ్జ్‌లో రూపుదిద్దుకున్న యంత్రం అది. సెకనుకు 8 మీటర్ల వేగంతో తిరిగే గరుకు పట్టీ మీదికి తోలు ముక్కను వదులుతారు. 2002 నాటి ఆ ప్రమాణం ప్రకారం మోచెయ్యి, భుజం లాంటి కీలకమైన చోట్ల తోలు చిల్లు పడకుండా మొదటి స్థాయిలో 4 సెకన్లు, రెండో స్థాయిలో 7 సెకన్లు నిలవాలి. నాలుగు, ఏడు. కాగితం మీద చిన్న అంకెలే. రోడ్డు మీద జారుతున్నవాడికి అవి చాలా పొడుగు.

పొరుగున పోటీ

ఇదే కొండల కింద, ఆజొలోకు కొద్ది దూరంలో మొల్వెనా అనే ఊళ్లో, 1972లో లీనో డైనీజ్ అనే ఆయన మరో కంపెనీ మొదలుపెట్టాడు. అతను మొదట కుట్టింది మోటోక్రాస్ ప్యాంటు. ఒకరు బూటు నుంచి పైకి వచ్చారు, మరొకరు ప్యాంటు నుంచి అటూ ఇటూ విస్తరించారు. ఇద్దరూ చివరికి ఒకే మనిషి ఒంటి దగ్గర ఎదురుపడ్డారు. ప్రపంచ రేసింగులో ఈ రెండు ఇళ్ల పోటీ నేటికీ సాగుతోంది.

ఆ పోటీలో చివరి అంకం ఎయిర్‌బ్యాగ్. పేటెంట్ల మీద కోర్టుల దాకా వెళ్లింది వ్యవహారం. సూటు లోపల చిన్న సెన్సార్లు రైడర్ కదలికలను సెకనులో వెయ్యో వంతుల లెక్కన చదువుతుంటాయి. ఇది పడిపోవడమేనని తేలగానే, రెప్ప వేసేలోపు భుజాల చుట్టూ సంచి ఉబ్బుతుంది. 2018 నుంచి మోటోజీపీలో ఎయిర్‌బ్యాగ్ లేని సూటు వేసుకుని పూర్తి సీజన్ రైడరెవరూ ట్రాక్ ఎక్కకూడదన్న నిబంధన వచ్చింది.

ఇంత కవచం మోయడం తేలిక కాదని మన దేశంలోనే తెలిసొచ్చింది. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో మొదటిసారి మోటోజీపీ జరిగింది. ఆ ఎండలో, ఆ ఉక్కలో, రేసు మధ్యలో జోర్జ్ మార్టిన్ అనే రైడర్ సూటు జిప్పు జారింది. తిన్నని దారిలో ఒక చేత్తో దాన్ని పైకి లాక్కోవాల్సి వచ్చింది. రెండో స్థానంలో గీత దాటాక ఒంట్లో నీళ్లింకి కుప్పకూలాడు. తోలు ప్రాణం కాపాడుతుంది, దానికి బదులు చెమట తీసుకుంటుంది.

మళ్లీ సూది దగ్గరికి

రేసు జరిగే ప్రతిచోటా, టీవీ కెమెరాలు పెద్దగా తిరగని వైపున, కంపెనీల సర్వీసు ట్రక్కులు ఆగి ఉంటాయి. పొద్దున పడ్డ రైడర్ల సూట్లు మధ్యాహ్నానికి అక్కడికి చేరతాయి. పేలిన గాలి సంచికి మళ్లీ గ్యాసు నింపాలి. అరిగిన మోకాలి పలకలు మార్చాలి. అన్నిటికంటే ముందు కుట్లు చూడాలి.

ఎయిర్‌బ్యాగ్ వచ్చాక కుట్టు మీద భారం ఇంకా పెరిగింది. పూర్వం బయటి నుంచి రోడ్డు ఒక్కటే దాన్ని లాగేది. ఇప్పుడు సంచి ఉబ్బినప్పుడు లోపలి నుంచీ తోపు వస్తుంది. లోపలి తోపుకూ బయటి రాపిడికీ మధ్య నిలబడాల్సింది ఆ దారమే. సెన్సార్లు ఎంత తెలివైనవైనా, కుట్టు విప్పుకుంటే అవి కాపాడాల్సిన ఒళ్లు రోడ్డుకు తగులుతుంది.

ట్రక్కులో బల్ల మీద సూటును పరుస్తారు. గీరుకుపోయిన ముక్క అంచున దారం కత్తిరిస్తారు. పాత ముక్క తీసి, అదే కొలతకు కోసిన కొత్త ముక్క పెడతారు. లోపలి వరస, మడత, పై వరస. బల్ల మీద వెలుతురు మారింది, మిషను మారింది, దారం మారింది. చేసే పని మాత్రం 1963లో ఆజొలోలో కొయ్య అచ్చు ముందు కూర్చున్న మనిషి చేసిందే.

చివరికి పనివాడు కొత్త కుట్టు మీదుగా బొటనవేలు నడుపుతాడు. ఎక్కడా గుబ్బ తగలకపోతే, సూటు మడిచి పక్కన పెట్టి, తర్వాతిది అందుకుంటాడు.